పక్క సీటుతో స్నేహం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కలిసి పనిచేసేవాళ్ల మధ్య స్నేహం ఎలా పెరుగుతుంది, ఎక్కడ చెడుతుంది అని హైదరాబాద్ పాఠకులు అడిగిన ప్రశ్నలు ఈసారి.

ప్రశ్న: నానక్‌రామ్‌గూడలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. మొత్తం 14 మందిమి. వారానికి మూడు రోజులు ఆఫీసుకు రావాలి, ఏ మూడన్నది ఎవరిష్టం వాళ్లది. ఏడాదికోసారి శామీర్‌పేట వైపు రిసార్టుకు వెళ్తాం, మనిషికి 2,000 ఖర్చు. ఆ రోజు డాన్సులు, ఫొటోలు బ్రహ్మాండంగా ఉంటాయి. సోమవారం వచ్చేసరికి మళ్లీ ఎవరి హెడ్‌ఫోన్లు వాళ్లవి. టీమ్‌లో దగ్గరితనం పెంచమని పైనుంచి మెయిల్ వచ్చింది. ఏం చేయమంటారు?
(టీమ్ లీడ్, కొండాపూర్)

జవాబు: ముందు గంటల లెక్క చూద్దాం. అమెరికాలో కాన్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెఫ్రీ హాల్ 2018లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ముఖపరిచయం కాస్త మామూలు స్నేహం కావడానికి సుమారు 50 గంటలు పడుతుంది. స్నేహితుడు అని గట్టిగా చెప్పుకోవడానికి 90. ఆప్తుడు కావాలంటే 200 దాటాలి. అందులోనూ పక్కపక్కన కూర్చుని పనిచేసిన గంటలు పెద్దగా కలిసిరావు. కబుర్లు, తిండి, నవ్వులాటలతో గడిచిన గంటలే స్నేహాన్ని ముందుకు నడుపుతాయి.

ఇప్పుడు మీ రిసార్టు రోజు తీసుకోండి. తొమ్మిది గంటలు. బస్సులో రెండు మూడు గంటలు ఎవరికి వాళ్లు బాగా తెలిసినవాళ్ల పక్కనే కూర్చుంటారు. అక్కడ డీజే మోతలో మాట వినపడదు. ఏ ఇద్దరిని తీసుకున్నా, వాళ్లు ఎదురెదురుగా మాట్లాడుకున్నది పావుగంట ఉంటే గొప్పే. అదే వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున ఒకే బల్ల దగ్గర తింటే ఏడాది తిరిగేసరికి 50 గంటలు పోగవుతాయి, పైసా ఖర్చు లేకుండా.

అందుకని మొదట సరిచేయాల్సింది రోజులు. ఒకరు సోమ, మంగళ, బుధవారాల్లో వస్తారు. ఇంకొకరు బుధ, గురు, శుక్రవారాల్లో వస్తారు. ఇద్దరూ కలిసేది ఒక్క బుధవారమే. ఆ రోజు ఒకరికి మీటింగ్ పడితే అదీ లేదు. మంగళ, గురువారాలు అందరికీ ఖాయం చేయండి, మూడో రోజు వాళ్లకే వదిలేయండి. ఆ రెండు రోజుల్లో 12.45 నుంచి 1.45 దాకా అందరి క్యాలెండర్లలో గంట మూసేయండి. అమెరికా కాల్స్ ఎటూ సాయంత్రమే కాబట్టి ఇది అసాధ్యమేమీ కాదు. కానీ ఆ గంటలో మొదటి మీటింగ్ పెట్టేది చాలాచోట్ల టీమ్ లీడే. మీరు ఒక్కసారి పెడితే రెండో వారానికి ఆ గంట ఉండదు.

14 మందినీ ఒకే పొడవాటి బల్ల దగ్గర కూర్చోబెట్టకండి. మాట్లాడుకునే గుంపు సహజంగా నలుగురి దగ్గర ఆగుతుందని, ఐదో మనిషి చేరగానే మాట రెండుగా చీలడం మొదలవుతుందని బ్రిటిష్ పరిశోధకుడు రాబిన్ డన్‌బార్ బృందం గమనించింది. పెద్ద బల్ల దగ్గర ఇద్దరు ముగ్గురు మాట్లాడతారు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు. నాలుగు, నాలుగు, మూడు, మూడుగా కూర్చోండి. వారంవారం చీట్లు తీసి మనుషుల్ని మార్చే ఆట మాత్రం వద్దు. అలా చేస్తే ప్రతి వారం 'మీదేవూరు, ఎక్కడ చదివారు' దగ్గరే ఆగిపోతారు. ఆరు వారాలు అవే నలుగురు ఉండనివ్వండి. అప్పటికి ఒకరి అమ్మ ఆపరేషన్ సంగతి, ఒకరి ఇంటి లోను సంగతి బయటికొస్తాయి. తర్వాత కూడా అందర్నీ కలిపేయకుండా ఒక్కో బల్ల నుంచి ఒక్కరినే మార్చండి.

సీట్ల విషయం కూడా చూడండి. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు థామస్ ఆలెన్ 1970లలో ఇంజినీర్ల మీద చేసిన పరిశోధనలో, సీట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ మాటలు గబగబా తగ్గిపోయి, 50 మీటర్లు దాటాక అంతంతమాత్రమే మిగిలాయి. రోజుకో సీటు బుక్ చేసుకునే పద్ధతి మీ దగ్గర ఉంటే, ఆ రెండు రోజులూ 14 సీట్లు ఒకే వరసలో దొరికేలా ముందే బుక్ చేయించండి. గోడలు తీసేస్తే మాటలు వాటంతటవే పెరుగుతాయని మాత్రం అనుకోవద్దు. పూర్తిగా ఓపెన్ ఆఫీసుకు మారిన రెండు కంపెనీలను ఈథన్ బెర్న్‌స్టీన్, స్టీఫెన్ టర్బన్ అనే పరిశోధకులు పరిశీలించి 2018లో ఫలితాలు ప్రచురించారు. ఎదురెదురుగా మాట్లాడుకోవడం సుమారు 70 శాతం తగ్గింది. అందరి కళ్లముందు ఉన్నామనిపిస్తే మనిషి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాడు, పక్కవాడికే మెసేజ్ పెడతాడు. మాటకు కాస్త చాటు కావాలి. ప్యాంట్రీలో ఒక మూల, మెట్ల దగ్గర రెండు కుర్చీలు, కింద టీ బండి, ఇవే ఆ చాటు.

రిసార్టుకు పెట్టే 28,000 ఉంది కదా, దాన్ని పన్నెండు నెలలకు పంచితే నెలకు 2,300 పైచిలుకు. నెలకో గురువారం బయటినుంచి నాలుగు రకాలు తెప్పించి పంచుకోవచ్చు. ఎప్పుడు ఏమిటన్నది ముందే ఆలోచించండి. కార్తీకంలోనూ అయ్యప్ప మాలల రోజుల్లోనూ బిర్యానీ పార్టీ పెడితే సగం మంది పెరుగన్నంతో కూర్చుంటారు. రంజాన్ నెలలో మధ్యాహ్న భోజనం పెడితే ఉపవాసంలో ఉన్నవాళ్లు చూస్తూ కూర్చోవాలి. ఆ నెలకు దాన్ని ఇఫ్తార్ వేళకు జరపండి, హలీంతో పాటు శాకాహారం కూడా ఉండేలా చూడండి.

ఇక మన ఊళ్లో స్నేహాలను మొగ్గలోనే తుంచేవి రెండున్నాయి. బల్ల దగ్గర తమిళమో ఒడియానో మాట్లాడే ఒక మనిషి ఉండగా మిగతా ముగ్గురూ తెలుగులో పకపకా నవ్వుకోవడం ఒకటి. నలుగురికీ అర్థమయ్యే భాషలోకి మాట మార్చే బాధ్యత మీరు తీసుకుంటే మిగతావాళ్లు అనుసరిస్తారు. రెండోది, 'మీదేవూరు' తర్వాత వెంటనే వచ్చే 'ఇంటిపేరేంటి' అన్న ప్రశ్న. అది దేనికోసమో అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. కులం ఆరా తీసిన చోట మనిషి మళ్లీ మనసు విప్పడు. కొత్తవాళ్లను ఇంటిపేరు అడిగే అలవాటు మీ టీమ్‌లో ఉంటే, అడిగినవాళ్లను విడిగా పిలిచి ఇక అడగొద్దని సూటిగా చెప్పండి.

భోజనాలకు హాజరు తీసుకోవద్దు. ఒంటరిగా తినాలనుకునేవాళ్లను తిననివ్వండి. బలవంతపు స్నేహం అప్రైజల్ ఫారంలో ఇంకో గడి అవుతుంది.

ప్రశ్న: 40 మంది పనిచేసే చిన్న కంపెనీ నాది. స్నేహాలు ముదిరితే ముఠాలవుతున్నాయి. ఒకడికి ఇంక్రిమెంట్ తక్కువ వేస్తే నలుగురు మొహం మాడ్చుకుంటున్నారు, ఒకడు మానేస్తే వెనకే ఇంకొకడు పోతున్నాడు. 'పని పని, స్నేహం స్నేహం' అని గీత గీస్తే తప్పా?
(యజమాని, కూకట్‌పల్లి)

జవాబు: గీత మీరు గీసినా వాళ్లు దాటుతారు, మీకు కనపడకుండా దాటుతారు. గాలప్ సంస్థ ఉద్యోగులను అడిగే 12 వాక్యాల సర్వేలో 'పనిచేసేచోట నాకో ప్రాణస్నేహితుడు ఉన్నాడు' అన్నది ఒకటి. దానికి గట్టిగా ఔనన్నవాళ్లు పనిలో ఎక్కువ మనసు పెడతారని, అలాంటివాళ్లు ఎక్కువున్నచోట ప్రమాదాలు తక్కువని ఆ సంస్థ ఏళ్ల తరబడి చెబుతోంది. స్నేహం వల్లే ఇదంతా అని తేల్చేయలేం, మంచి ఆఫీసులో స్నేహాలూ ఎక్కువే పుడతాయి కదా. అయినా, తప్పు జరిగితే వెంటనే నోరు తెరిచి చెప్పేది పక్కనున్న మనిషి మీద నమ్మకం ఉన్నవాళ్లే. ఆ నమ్మకాన్ని చేజేతులా పోగొట్టుకోకండి.

మీరు ముఠా అంటున్నది చాలావరకు కబుర్ల తోవలో పుడుతుంది. ఫలానా ప్రాజెక్టు ఎవరికి, ఇంక్రిమెంట్లు ఎప్పుడు, కొత్త మేనేజర్ ఎవరు అన్నవి ముందుగా మీకు దగ్గరున్న ఇద్దరికి తెలిస్తే, వాళ్ల చుట్టూ జనం చేరతారు. అటువైపు తెలియనివాళ్లంతా ఇంకో గుంపవుతారు. అందుకే నిర్ణయం ఏదైనా 40 మందికీ ఒకే పూట, ఒకే మాటలో, రాతలో చేరాలి. ఇంక్రిమెంట్‌కు ఏవేవి చూస్తారో ఏప్రిల్‌లో కాదు, అంతకుముందు ఏప్రిల్‌లోనే కాగితం మీద పెట్టండి. కబురు అందరికీ ఒకేసారి అందితే ముఠాకు పనుండదు.

ఇంకో పని చేయొచ్చు. అకౌంట్స్, సేల్స్, స్టోర్స్ వేర్వేరు గుంపులైతే, రెండు విభాగాల నుంచి ఒక్కొక్కరిని కలిపి నిజమైన పని ఇవ్వండి. స్టాక్ లెక్కింపు, ఆడిట్ కాగితాలు, కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ఏదైనా నాలుగు నుంచి ఆరు వారాలు సాగేది. ఒక్క రోజు ఆటల పోటీకి ఆ ఫలితం రాదు, ఎందుకంటే ఆటలో కూడా ఎవరి విభాగం వాళ్లు ఒక జట్టవుతారు. స్నేహితుడు మానేస్తే వెనకే ఇంకొకరు పోతున్నారంటే మాత్రం, మొదటివాడు ఎందుకు పోయాడో కూర్చుని అడగండి. రెండోవాడిదీ అదే కారణం అయ్యుంటుంది.

ప్రశ్న: మాది శ్రీకాకుళం. ఉద్యోగంలో చేరి ఐదు నెలలైంది. ఆఫీసు రాయదుర్గంలో, హాస్టల్ యూసుఫ్‌గూడలో. ఆఫీసులో అందరికీ ఎప్పటినుంచో గ్రూపులున్నాయి. మాట్లాడితే నా యాసకు నవ్వుతారేమోనని భయం. కర్రీ పాయింట్ పప్పు తెచ్చుకుని ఒక్కడినే తింటున్నాను. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మకు మాత్రం అందరూ బాగా చూసుకుంటున్నారని చెబుతున్నాను.
(వయసు 23)

జవాబు: ముందు ఒక ధైర్యం. కొత్తవాళ్లతో మాట్లాడి వచ్చాక 'నేను వాళ్లకు నచ్చలేదు' అని మనసు చెప్పే మాట చాలాసార్లు తప్పు. ఎరికా బూత్‌బీ, మరి ముగ్గురు పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, తాము ఎదుటివాళ్లకు ఎంత నచ్చామని మనుషులు అనుకున్నారో, నిజానికి అంతకంటే ఎక్కువే నచ్చారు. ఆ తేడా నెలల తరబడి కొనసాగడం కూడా చూశారు. ఐదు నెలలుగా మీరు వింటున్న ఆ లోపలి గొంతును పూర్తిగా నమ్మకండి.

గ్రూపులో చేరాలని ప్రయత్నించవద్దు, అది కష్టం. ఒక్క మనిషిని చూసుకోండి. ఎవరు తరచూ ఒంటరిగా టీ తాగుతారు, ఎవరు మీ పలకరింపుకు తలెత్తి జవాబిస్తారు, ఎవరు మీ దారిలోనే ఇంటికి వెళ్తారు. రాయదుర్గం నుంచి యూసుఫ్‌గూడ దాకా మెట్రోలో ఒకే లైను, దిగకుండా వెళ్లిపోతారు. అదే రైల్లో వెళ్లే సహోద్యోగి ఒకరైనా ఉంటారు. సాయంత్రం 'మీరు మెట్రోకేనా? నేనూ వస్తున్నా' అంటే చాలు. వారానికి మూడుసార్లు ఇరవై నిమిషాలు కలిసి నిలబడితే నెలకు నాలుగు గంటలు.

చిన్న సాయాలు అడగండి, చేయండి. ఛార్జర్, గొడుగు, ఫలానా రిపోర్టు ఎలా తీయాలన్న సందేహం. ఏం తీసుకున్నా మర్నాడే తిరిగివ్వండి, ఆ తిరిగివ్వడంలో ఇంకో మాట కలుస్తుంది. కర్రీ పాయింట్‌లో ఇద్దరికి సరిపడా కూర కట్టించుకుని 'కాస్త ఎక్కువైంది, వేసుకోండి' అనండి. ఇంటినుంచి ఎవరైనా వస్తుంటే పలాస జీడిపప్పు పావుకిలో తెప్పించి బల్ల మీద పెట్టండి. వద్దనేవాళ్లుండరు.

మనసులో మాట చెప్పడం మెట్లెక్కినట్టు ఉండాలి. మొదటి వారంలోనే ఇంటి అప్పుల గురించి చెబితే ఎదుటివాళ్లకు ఏమనాలో తెలియక తప్పించుకుంటారు. ఆరు నెలలైనా ట్రాఫిక్, వానల దగ్గరే ఉంటే అక్కడే ఉండిపోతారు. వాళ్లు ఒక మెట్టు చెబితే మీరు ఒక మెట్టు చెప్పండి. ఇక యాస. ఎవరైనా నవ్వితే ఆ మాటకు మా ఊళ్లో అర్థం ఇదీ అని చెప్పండి, వాళ్ల ఊళ్లో ఏమంటారో అడగండి. కరీంనగర్ మనిషి, కర్నూలు మనిషి, శ్రీకాకుళం మనిషి ఒక బల్ల దగ్గర చేరి వంకాయ కూరకు ఎవరింట్లో ఏ మసాలా పడుతుందో చెప్పుకుంటే అరగంట ఇట్టే గడుస్తుంది. దిగులు అలాగే ఉండి నిద్ర, తిండి తప్పుతుంటే మాత్రం అమ్మకు నిజం చెప్పండి, డాక్టరును కూడా కలవండి.

ప్రశ్న: నేనూ నా స్నేహితురాలూ ఒక బ్యాంకు బ్యాక్ ఆఫీసులో ఆరేళ్లుగా కలిసి పనిచేస్తున్నాం. గత నెలలో నన్ను ఆమెకే మేనేజర్‌ని చేశారు. 'ఏమే' అని పిలుచుకునేవాళ్లం. ఇప్పుడు ఆమె 'మేడమ్' అంటుంటే ఏడుపొస్తోంది. అప్రైజల్ రోజులు దగ్గరకొస్తున్నాయి.
(మాధాపూర్)

జవాబు: ఇప్పటికే ఒక నెల ఆలస్యమైంది, ఈ వారంలోనే ఆఫీసు బయట కూర్చుని మాట్లాడండి. మూడు సంగతులు తేల్చుకోవాలి. సెలవులు: 'నీకూ మిగతావాళ్లకూ ఒకటే పద్ధతి, నువ్వూ మెయిల్‌లోనే అడుగు.' అప్రైజల్: 'నీ మార్కు నేనొక్కదాన్నే వేయను, ఇంకొకరు కూడా చూస్తారు.' రహస్యాలు: 'కొన్ని నీకు చెప్పలేను, చెప్పనప్పుడు అపార్థం చేసుకోకు. నువ్వు నాకు స్నేహితురాలిగా చెప్పింది మేనేజర్‌గా వాడను.' ఈ మాటలే అనండి, చుట్టూ తిప్పొద్దు. మీటింగులో పేరు పెట్టి పిలుచుకోండి, బయట 'ఏమే' అలాగే ఉండనివ్వండి.

మార్కుల్లో జరిగే తప్పు చాలామంది ఊహించే వైపు జరగదు. పక్షపాతం అంటారన్న భయంతో స్నేహితురాలికి రావాల్సినదాని కంటే ఒక మెట్టు తక్కువ వేసేస్తారు. దీనికి మందు, టీమ్‌లో ప్రతి ఒక్కరికీ నెలకో పేజీ. ఏం పని చేశారు, ఎక్కడ తప్పింది, తేదీతో సహా రాయండి. ఆ పేజీలు ముందు పెట్టుకుని, ఆమె మార్కును ఇంకో మేనేజర్‌కు చూపించి ఖాయం చేయండి. భోజనం ఆమెతో వారానికి రెండుసార్లు, మిగతా రోజులు మిగతావాళ్లతో.

పాత వాట్సాప్ గ్రూపు ఒకటి ఉండే ఉంటుంది, అందరూ కలిసి పై అధికారిని తిట్టుకునేది. చెప్పి మరీ అందులోంచి బయటికి రండి. వాళ్లకు ఆ చోటు కావాలి.

ప్రశ్న: ఆఫీసులో ప్రాణస్నేహితుడు చిట్ కంపెనీలో 5 లక్షల చీటీ పాడాడు. షూరిటీకి నా జీతం సర్టిఫికెట్, సంతకం అడుగుతున్నాడు. ఇంతకుముందు తీసుకున్న 15,000 చేబదులు ఇంకా ఇవ్వలేదు. కాదంటే స్నేహం పోతుందేమో.
(దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: సంతకం చేయొద్దు. 25 నెలల 5 లక్షల చీటీ అయితే నెలకు 20,000. ఆయన ఆరో నెలలో ఎత్తుకుంటే ఇంకా 19 నెలల బాకీ, అంటే 3,80,000. డివిడెండ్, అంటే నెలనెలా పాటలో తగ్గిన సొమ్ములోంచి సభ్యులకు పంచే వాటా, పోను కొంత తగ్గొచ్చు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు బాకీదారుడితో సమానం. కంపెనీ ముందు ఆయన్నే అడగాలన్న నియమం లేదు, నేరుగా మీ దగ్గరికే రావచ్చు. ఆ మొత్తం మీ చేతినుంచి కట్టగలిగి, కట్టాక కూడా ఆయనతో కలిసి టీ తాగగలిగితేనే సంతకం.

కాదని చెప్పేటప్పుడు సాకులు వెతకొద్దు. 'ఇంట్లో ఒప్పుకోవట్లేదు' అంటే ఇంట్లోవాళ్లను ఒప్పించడానికి వస్తాడు. 'షూరిటీ ఎవరికీ చేయకూడదని పెట్టుకున్నాను, నీకే కాదు' అనండి. అదే రోజు చేయగలిగిన సాయం ఒకటి చేయండి. ఆస్తి కాగితాలు, ఎల్ఐసీ పాలసీ, ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటివి హామీగా తీసుకుంటారేమో ఆయనతో పాటు చిట్ ఆఫీసుకు వెళ్లి అడగండి. పాత 15,000 జీతం పడిన రోజున 3,000 చొప్పున ఐదు నెలల్లో ఇమ్మనండి, యూపీఐలోనే, ఎందుకోసమో రాసి. ఇవ్వాల్సిన డబ్బు గురించి మాట్లాడకపోతే తీసుకున్నవాడే మొహం చాటేస్తాడు, ఆఫీసు స్నేహాలు అక్కడే ఎక్కువగా తెగుతాయి.

మీ ఆఫీసులో మీరే కలిసి చీటీలు నడుపుకుంటున్నా జాగ్రత్త. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చీటీ నడపకూడదు. తేడా వస్తే చేతిలో కాగితం ఉండదు.

ప్రశ్న: మా టీమ్ కలిసేదంతా రాత్రి ఏడు తర్వాతే. నాకు నాలుగేళ్ల పాప, ఆరున్నరకు క్యాబ్. రాను అంటే 'నువ్వెప్పుడూ ఇంతే' అంటున్నారు.
(మియాపూర్)

జవాబు: తప్పు మీది కాదు, వేళది. ఈ ప్రశ్నను మీ మేనేజర్‌కు ఇలా మార్చి పంపండి: 'నెలకు ఒకటి మధ్యాహ్న భోజనానికి మార్చగలమా?' మీలాగే రాలేనివాళ్లు ఇంకో ఇద్దరు ఉంటారు, వాళ్ల పేర్లూ కలపండి. ఈలోపు ఉదయం పావుగంట టీకి ఒకరిద్దరిని మీరే పిలవండి. స్నేహం పేరుతో ఎవరైనా హద్దు దాటితే, పదిమంది లేదా అంతకుమించి పనిచేసే ప్రతి చోటా, పనిచేసేచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలి, ఫిర్యాదుకు గడువు మూడు నెలలు.

ప్రశ్న: జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజర్‌ని. 60 మంది, మూడు షిఫ్టులు. సగం మంది ఒడిశా, బిహార్ వాళ్లు. ఒకరితో ఒకరికి సంబంధమే లేదు, షిఫ్టు మారేటప్పుడు గొడవలు కూడా.

జవాబు: మెషీన్ల మోతలో మాట సాగదు కాబట్టి మీ చేతిలో ఉన్నది విరామమే. నీడ, ఫ్యాను, బెంచీలు, చేతులు కడుక్కునే కుళాయి, ఈ నాలుగూ ఉన్న షెడ్డు ఒకటి చూపించండి. ఎండలో గోడవారన తినేవాళ్లు ఎవరి ఊరివాళ్లతో వాళ్లే చేరతారు.

షిఫ్టులు మార్చేటప్పుడు మనుషుల్ని విడివిడిగా మార్చకండి. ఆరేడుగురి జట్టును జట్టుగానే మార్చండి, జట్టులో రెండు భాషలవాళ్లు ఉండాలి. షిఫ్టు గొడవల్లో ఎక్కువ భాగం 'మెషీన్ ఇలా వదిలేసి పోయాడు' అన్నవే. పది నిమిషాలు రెండు షిఫ్టులూ కలిసి ఉండేలా చేసి, దిగేవాడు ఎక్కేవాడికి మెషీన్ దగ్గరే నిలబడి అప్పగించాలి. ఆ పది నిమిషాలకు జీతం లెక్కకట్టండి, లేకపోతే నాలుగు రోజులే నడుస్తుంది.

అమెరికాలో ఫైర్ స్టేషన్ల మీద కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కెవిన్ నిఫిన్ బృందం 2015లో ఒక అధ్యయనం ప్రచురించింది. కలిసి తినే జట్ల పనితీరు మెరుగ్గా ఉందని అక్కడి అధికారులు చెప్పారు. అక్కడివాళ్లు వంట కూడా కలిసే చేసుకుంటారు. మీ దగ్గర నెలకో ఆదివారం షెడ్డులో ఒక జట్టు వండి మిగతావాళ్లకు పెట్టే ఏర్పాటు చేయండి. ఒకసారి మన పప్పుచారు, ఒకసారి ఒడిశా దాల్మా, ఒకసారి బిహార్ లిట్టీ చోఖా. సరుకులు కంపెనీ కొనాలి.

ప్రశ్న: ఏడేళ్లు పక్క సీటులో ఉన్న స్నేహితుడు మానేసి ఉప్పల్‌లో వేరే కంపెనీలో చేరాడు. నేను హైటెక్ సిటీలోనే ఉన్నాను. మూడు నెలల్లో ఫోన్లు కూడా తగ్గాయి.
(గచ్చిబౌలి)

జవాబు: ఇన్నాళ్లూ మిమ్మల్ని కలిపింది సీటు. అది పోయింది కాబట్టి దాని బదులు తేదీ పెట్టుకోవాలి. 'ఒకసారి కలుద్దాం రా' అంటే కలవరు. నెలలో మొదటి శుక్రవారం, సాయంత్రం 6.30 అని ఇద్దరి ఫోన్లలో పెట్టుకోండి. మీరిద్దరూ ఒకే మెట్రో లైను మీద ఉన్నారు. మధ్యలో అమీర్‌పేటలో దిగి చాయ్, ఉస్మానియా బిస్కెట్ దగ్గర గంట కూర్చోవచ్చు. ఒక నెల తప్పితే మర్నాడే తర్వాతి తేదీ ఖాయం చేయండి. జనవరి 1 నుంచి నాంపల్లిలో నుమాయిష్ మొదలైతే ఆ నెల అక్కడికి, రెండు కుటుంబాలతో.